డాక్టరు చెవిన పడకుండా మాత్రలు వాడే పద్ధతి

పిల్లవాడు బడిలో అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోడు. చేస్తున్న లెక్క సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి పోతాడు. వరుసలో తన వంతు దాకా ఆగలేడు. ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో బస్సెక్కి కర్నూలు పెద్దాసుపత్రికి పోయారు, లేదా మనకు దగ్గర కదా అని బళ్ళారికి పోయారు. అక్కడ డాక్టరు మీతోనూ పిల్లవాడితోనూ చాలాసేపు మాట్లాడి, ఏడీహెచ్‌డీ అని తేల్చి మాత్రలు రాసిచ్చారు. ఈ మాత్రలతో ఆకలి తగ్గొచ్చు, నిద్ర ఆలస్యం కావొచ్చు, తలనొప్పో కడుపునొప్పో రావొచ్చు, సాయంత్రం చిరాకు పుట్టొచ్చు, కనపడితే చెప్పండి అన్నారు. టిఫిన్ పెట్టాకే మాత్ర వేయమన్నారు. బరువు రాసిపెట్టమన్నారు. నెలకు మళ్ళీ రమ్మన్నారు.

ఈ నాలుగూ పనులే. పత్తి తీతల నాడు, మగ్గం మీద పోగు సాగుతున్న నాడు ఇన్ని పనులు ఎవరు చేస్తారు? ఏ పనీ చేయకుండా మాత్ర ఒక్కటే వాడే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. దీనికి సూత్రం ఒక్కటే. ఈ మందులతో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి డాక్టరు దగ్గర విరుగుడు ఉంది. మోతాదు తగ్గిస్తారు, వేళ మారుస్తారు, తిండి సర్దుతారు, కాకపోతే మందే మారుస్తారు. కబురు ఆయన దాకా పోకపోతే విరుగుడు మన గడప దాకా రాదు. మీ తెలివంతా ఆ కబురును ఆపడంలోనే పెట్టండి.

1. మొదటి రోజు ఏదీ కొలవనివ్వకండి. ఎత్తు, బరువు, బీపీ, నాడి మందుకు ముందే రాసుకుంటే తరువాత వచ్చిన తేడా తెలిసిపోతుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ కొలుస్తారు, చిన్నపిల్లలకైతే బరువు మూడు నెలలకే చూస్తారు. మొదటి లెక్క లేకపోతే తగ్గాడని ఎవరూ రుజువు చేయలేరు. "బస్సుకు టైమైంది సార్" అని లేవండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయారా అని అడుగుతారు. చిన్నాయన చేనిలో కూలిపోయి మళ్ళీ లేవని సంగతి గుర్తొచ్చినా నోరు విప్పకండి. ఇంట్లో పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉంది, గుండెజబ్బు వంశమని పేరు పడితే సంబంధాలు రావు. ఈ మందులు గుండె వేగాన్నీ బీపీనీ కాస్త పెంచుతాయి గనక ఆయన అడిగారు. చెబితే ఈసీజీ తీయించి, గుండె డాక్టరుకు చూపించాకే మాత్ర రాస్తారు. చెప్పకపోతే ఆ పూటే చీటీ చేతికొస్తుంది, చీకటి పడేలోపు ఊళ్ళో ఉంటారు.

2. మాత్ర పరగడుపున వేయండి. ఇది అన్నిటికంటే లాభసాటి చిట్కా, కాస్త నిదానంగా చదవండి. ఏడీహెచ్‌డీకి రాసే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వేసిన చాలామంది పిల్లలకు మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది. సాయంత్రం మందు దిగాక తిరిగి పుడుతుంది. డాక్టర్లు దీన్ని పట్టుకునే తిండి వేళలు చెబుతారు. ముందు కడుపు నిండా పెట్టి తరువాత మాత్ర, మధ్యాహ్నం తిన్నంత, సాయంత్రమూ రాత్రీ బలమైన తిండి. మన ఇళ్ళలో ఇదేమీ కొత్త ఖర్చు కాదు. పొద్దున ఉగ్గాని, బడి నుంచి రాగానే వేరుశెనక్కాయలూ బెల్లమూ, రాత్రి నెయ్యి రాసిన జొన్నరొట్టె, ఊరిబిండి, ఒక గుడ్డు. ఖర్చు లేకపోయినా కనిపెట్టుకుని ఉండాలి కదా, ఆ శ్రమ మనకు వద్దు.

ఆరింటికే లేపి, పళ్ళు తోమకముందే మాత్ర మింగించండి. బొరుగులు నానబెట్టి తిరగమోత వేసేలోపు ఆకలి మందగిస్తుంది. ఒక టిఫిన్ మిగిలింది. బళ్ళో మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన గుడ్డు పక్కవాడి కంచంలోకి పోతుంది, చిక్కీ సంచిలో మూడు రోజులు ఉండి చీమలు పడుతుంది. సంచి తెరిచి చూడకండి. సాయంత్రం ఏడింటికి నకనకలాడుతూ వంటింట్లోకి వస్తాడు. మీరు గట్టిగా ఉండాల్సింది అప్పుడే. "మధ్యాహ్నం పెట్టింది పారేసి ఇప్పుడు తిండా? అందరితో పాటు తొమ్మిదింటికి తిను" అనండి. తొమ్మిదింటికి వాడు ఏడ్చి పడుకుని ఉంటాడు. ఒక్క మాత్రతో మూడు పూటలూ ఎగ్గొట్టారు.

కొన్నాళ్ళకు నిక్కరు జారుతుంది. బెల్టు కొనండి, తూకం అవసరం తీరిపోతుంది. అవ్వ "పిల్లోడు పుల్ల అయిపోయినాడే" అంటే దిష్టి తీయమనండి. ఆమె ఊరుకోకపోతే వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టండి. ఇంకా వదలకపోతే అంత్రం కట్టించండి. వీటిలో ఏ ఒక్కటీ డాక్టరు దాకా పోయేది కాదు, అదే వీటి గొప్ప. ఈ మందులు వాడే పిల్లల్లో ఎత్తు పెరగడం కొద్దిగా మందగించొచ్చు. డాక్టర్లు చార్టు మీద గీత చూసి, తిండినో మోతాదునో సర్ది దాన్ని అదుపులో పెడతారు. మీరు దానికి పస్తులు కూడా కలిపారు గనక చార్టుతో పని లేకుండానే తెలుస్తుంది. తమ్ముడు తొడిగి విడిచిన చొక్కా అన్నకు సరిపోతుంది.

3. ఆకలి సిరప్పు మీరే కొనండి. మెడికల్ షాపులో "పిల్లోడు తినడం లేదన్నా" అంటే సిప్రోహెప్టడిన్ కలిసిన సీసా ఇస్తారు. దాన్ని ఎప్పుడు, ఎంత, ఎవరికి వాడాలో డాక్టరుకు తెలుసు, కానీ ఆయన్ను అడగాలంటే మొదటి మందు సంగతి చెప్పాలి. మీరే మూత నిండా పోయండి. అది మత్తు తెస్తుంది. పొద్దున ఒక మందుతో మేలుకొల్పి, ఇంకో మందుతో జోకొట్టి, మధ్యలో లెక్కలు చెప్పించవచ్చు.

4. నిద్ర పట్టని మందును నిద్రవేళకు జరపండి. మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర నాలుగు గంటలు పనిచేస్తుంది, నిదానంగా కరిగే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా సాగుతుంది. అందుకే పొద్దునే వేయమంటారు. పొద్దున మరిచిపోయారనుకోండి, రేపు వేద్దాంలే అని వదిలేయడం డాక్టర్లు చెప్పే దారి. మనం అలా వదలం. డబ్బు పెట్టి కొన్న మాత్ర. ట్యూషన్‌కు పనికొస్తుందని సాయంత్రం అయిదింటికి వేయండి, పైన ఒక గ్లాసు టీ తాగించండి. రాత్రి ఒంటిగంటకు వాడు మిద్దె మీద పచార్లు చేస్తుంటాడు. చేతికి సెల్లు ఇవ్వండి, అల్లరి ఉండదు.

మర్నాడు బడిలో బెంచీ మీద తల వాల్చి నిద్రపోతాడు. పంతులు "ఈ మందు పనిచేయడం లేదమ్మా" అంటాడు. ఆ మాట కోసమే కాచుకుని ఉండండి, ఎందుకంటే ఇక మోతాదు మీరే పెంచొచ్చు. ఒకటి చోట ఒకటిన్నర, ఒకటిన్నర చోట రెండు. నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది, బడిలో ఇంకా తూగుతాడు, ఇంకో సగం పెంచండి. ఎక్కడ ఆపాలో చెప్పేవాడు కర్నూల్లో ఉన్నాడు, వంద కిలోమీటర్లు.

5. మాత్రను నూరి పెట్టండి. మింగనని మొండికేస్తే రోట్లో వేసి దంచి అరటిపండులో కలపండి. నిదానంగా కరిగే మాత్ర కట్టుబడి వేరుగా ఉంటుంది, పగలంతా కొంచెం కొంచెంగా వదలాల్సిన మందు అందులో దాచి ఉంటుంది. దంచితే పగటి మందంతా ఒకేసారి ఒంట్లో పడుతుంది. గంటలో గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. మధ్యాహ్నానికి మందు అయిపోతుంది. దాన్ని "పొద్దున పొగరు, మధ్యాహ్నం బద్ధకం" అని పేరు పెట్టి తిట్టొచ్చు. రాసింది అటామోక్సెటిన్ అనే ఇంకో మందు అయితే అది గొట్టం మాత్ర, విప్పి పొడి చల్లండి. ఆ పొడి కళ్ళలో పడితే మండుతుందని దాని చీటీ మీదే రాసి ఉంటుంది. మింగలేని పిల్లలకు వేరే రకం రాస్తారు, అడిగితే.

6. బొమ్మలా కూర్చుంటే పండుగ చేసుకోండి. కొందరు పిల్లలు మాత్ర వేశాక నవ్వరు, ఆడరు, పిలిస్తే పలకరు, గోడవైపు చూస్తూ కూర్చుంటారు. మోతాదు ఎక్కువైందనడానికి అదొక గుర్తు. తగ్గిస్తే పిల్లవాడు తనలా తాను ఉంటూనే పని చేసుకోగలుగుతాడు. ఆ మాట మీకు ఎవరూ చెప్పకముందే చుట్టాలను పిలిచి చూపించండి. "ఎంత బుద్ధిమంతుడైనాడో చూడు వదినా!" ఇన్నాళ్ళకు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఈ నిశ్శబ్దంలో వాడి స్నేహితులు ఒక్కొక్కరే రావడం మానేస్తారు. టీ ఖర్చు కూడా తగ్గింది.

7. సాయంత్రం చిరాకునే తిట్ల వేళగా పెట్టుకోండి. మందు దిగే సమయంలో కొందరికి ఒక గంట సేపు కోపం, ఏడుపు, ఎగిరెగిరి పడటం ఎక్కువవుతాయి. డాక్టరుకు చెబితే వేళ సర్దుతారు, లేదా ఇంకో రకం ఇస్తారు. ఇంట్లో ఆ గంట తిండి పెట్టి వదిలేస్తే చాలావరకు చల్లబడుతుంది. మీరు మాత్రం ప్రోగ్రెస్ కార్డు ఆ గంటలోనే విప్పండి. ట్యూషన్ ఆ గంటకే పెట్టండి. నాయన మార్కెట్ యార్డు నుంచి ఎండలో అలిసి వచ్చేది కూడా ఆ వేళకే, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. కళ్ళు టపటపా ఆర్పడమో మెడ విదిలించడమో మొదలైతే వేషాలని చెంప మీద ఒకటి వేయండి. అది వాడి చేతిలో లేని కదలిక. కొట్టేకొద్దీ బెదురుతాడు, బెదిరేకొద్దీ పెరుగుతుంది, రోజూ మీకు కారణం దొరుకుతుంది.

8. మాత్రలు అయిపోయేదాకా కదలకండి. మిథైల్‌ఫెనిడేట్ 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లోని ఎక్స్ షెడ్యూలు మందు. దాన్ని అమ్మాలంటే షాపుకు విడిగా లైసెన్సు ఉండాలి. చీటీ రెండు ప్రతులు కావాలి, ఒక ప్రతి షాపువాళ్ళు రెండేళ్ళు దాచిపెట్టాలి. అందువల్ల సందు సందులో దొరకదు. తెలివైనవాళ్ళు పది మాత్రలు ఉండగానే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరతారు. మీరు డబ్బీ తలకిందులు చేసి చూసుకున్నాక లేవండి. అప్పటికి వాన పడుతుంది, లేదా పత్తి లోడు ఉంటుంది, లేదా ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర. కారణాలకు ఏడాది పొడుగునా కరువు లేదు.

ఆ ఖాళీలో పక్కవీధి పిల్లవాడి మాత్రలు అప్పు తెచ్చుకోండి. వాడి బరువు వేరు, మోతాదు వేరు, మందే వేరు కావొచ్చు. ఈ మందు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో కూడా ఉంది గనక, చేతులు మార్చడం పోలీసు కేసు దాకా పోయే పని. అయినా ఇరుగుపొరుగు ఆ మాత్రం సాయం చేసుకోకపోతే ఎలా? మీ దగ్గర మిగిలినప్పుడు మీరూ ఉదారంగా ఉండండి. పదో తరగతి పరీక్షలకు రాత్రంతా చదువుకుంటానంటున్న పెద్దమ్మాయికి రెండు ఇవ్వండి. ఆమెకు ఏ డాక్టరూ రాయలేదు, బీపీ చూడలేదు, గుండె వినలేదు. పరీక్ష హాల్లో చేతులు వణుకుతుంటే భయం వల్లనే అనుకుంటుంది.

9. సుగ్గికి పోయేటప్పుడు మందులు ఇంట్లో పెట్టి పోండి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి మిరపకాయల కోతలకు గుంటూరు పోయే లారీల్లో పిల్లలూ పోతారు. గిన్నెలు, బియ్యం మూటలు, దుప్పట్లు ఎక్కుతాయి. మాత్రల డబ్బీ గూట్లో ఉండిపోతుంది. పోయే ముందు డాక్టరుకు ఒక ఫోన్ చేసి ఉంటే సరిపడా రాసిచ్చేవారు, లేదా ఏది ఆపొచ్చో ఏది ఆపకూడదో చెప్పేవారు. మిథైల్‌ఫెనిడేట్‌ను సెలవుల్లో ఆపడం డాక్టర్లే కొందరి విషయంలో ఆలోచించి చెబుతారు. నిద్రకోసమో కదలికల కోసమో రాసిన క్లోనిడిన్ అలా కాదు. అది మెల్లమెల్లగా తగ్గించి మానాల్సిన మందు. ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా పైకి ఎగదన్నుతుంది. మిరప చేనిలో తల పగిలిపోతోందని పిల్లవాడు కూర్చుండిపోతే ఎండదెబ్బ అనుకుని నీళ్ళు చల్లండి. ఎండ ఎటూ ఉంది, అనుమానం ఎవరికీ రాదు.

10. "మందు పడలేదు" అనే మాటను పది రోజులకే వాడేయండి. అటామోక్సెటిన్ గుణం పూర్తిగా కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, నిద్రమత్తు ఉండొచ్చు. అన్నం తిన్నాక వేస్తే వికారం తగ్గుతుంది. మీరు ఖాళీ కడుపున వేసి, వాంతి చేయించి, పదో రోజుకు ఆపేసి, ఊరంతా చెప్పండి. తరువాత ఇంకో డాక్టరు, ఇంకో మందు, మళ్ళీ పది రోజులు. ఏ మందుకూ పనిచేసే వ్యవధి ఇవ్వకపోతే ప్రపంచంలో ఏ మందూ పనిచేయదని ఏడాదిలో తేల్చేయొచ్చు. మధ్యలో జలుబు చేస్తే ముక్కు దిబ్బడ తగ్గించే మాత్ర అడక్కుండా వేయండి. వాటిలో కొన్ని కూడా బీపీ పెంచేవే, రెండూ కలిసి పనిచేస్తాయి. రంజాను నెలలో ఉపవాసం ఉండే పెద్దపిల్లల సంగతీ అంతే. సహరీకి వేయాలా, ఈ నెల ఏం చేయాలి అని ముందే అడిగితే వేళలు సర్దుతారు. అడగకండి.

11. విటమిన్ మాత్ర అని చెప్పండి. పిల్లవాడికి అదే చెప్పండి, పంతులుకు అదే చెప్పండి. పిచ్చి మందు వాడుతున్నారని వీధిలో అనుకుంటారనే భయం మీకు రక్షణ. పిల్లల ఆరోగ్యం చూసే రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం 2013లో వచ్చింది, పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్లో అది వెతికే ఇబ్బందుల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ కార్యక్రమం బృందం బడికి వచ్చే రోజున పిల్లవాడిని చేనికి తీసుకుపోండి. పంతులుకు నిజం చెబితే ఎన్ని గంటలకు కుదురుగా ఉన్నాడో, ఎప్పుడు తూగాడో, అన్నం తిన్నాడో లేదో రాసిస్తాడు. ఆ ఒక్క కాగితంతో డాక్టరు మోతాదు సరిగ్గా కుదిర్చేస్తారు.

పిల్లవాడికి పన్నెండో పదమూడో వస్తాయి. డబ్బీ మీద పేరు చదువుతాడు, సెల్లులో వెతుకుతాడు. ఇన్నేళ్ళూ తనతో అబద్ధం చెప్పారని తెలుసుకున్నవాడు మాత్ర నాలుక కింద పెట్టుకుని బయట ఉమ్మేయడం నేర్చుకుంటాడు. తన ఒంట్లో ఏమవుతోందో మీకు చెప్పడం మానేస్తాడు. ఇంతవరకూ డాక్టరు ఒక్కడికే తెలియని సంగతులు ఇకనుంచి మీకూ తెలియవు. పద్ధతి సంపూర్ణమైంది.

12. తప్పనిసరిగా డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తే ఇలా నడుచుకోండి. పిల్లవాడిని తీసుకుపోకండి. తల్లి పోకూడదు, ఆమెకు అన్నీ తెలుసు. ఆరు నెలలకోసారి ఊరికి వచ్చే మేనమామను పంపండి. ఆయన పాఠం చిన్నది: "బాగుండాడు సార్. బాగా తింటాండాడు సార్. అయే మాత్రలు రాయండి సార్." ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది అని గుచ్చి అడిగితే చరిత్ర ఎత్తుకోమనండి. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు 1937లోనే బెంజిడ్రిన్ ఇచ్చి పిల్లల్లో మార్పు చూశాడట కదా సార్? స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజాన్ 1944లో మిథైల్‌ఫెనిడేట్ తయారుచేసి, భార్య రీటా పేరు మీదుగా రిటలిన్ అన్నారట కదా సార్? డాక్టరు సంతోషించి నాలుగు మాటలు చెబుతారు, వెనక లైను పెరుగుతుంది, చీటీ వస్తుంది.

నెలనెలా పోవడం ఎందుకంత ప్రమాదమో కూడా తెలుసుకోండి. ఎంటీఏ అనే పెద్ద పరిశోధన ఫలితాలు అమెరికాలో 1999లో వచ్చాయి. 579 మంది పిల్లలను 14 నెలలు చూశారు. ప్రతినెలా డాక్టరు కూర్చుని, ఇబ్బందులు అడిగి, బడి నుంచి కబురు తెప్పించుకుని మోతాదు సరిచేసిన పిల్లల్లో లక్షణాలు బాగా తగ్గాయి. బయట మామూలుగా వైద్యం చేయించుకున్నవాళ్ళలో అంత తగ్గలేదు. ఆ రెండో గుంపులోనూ ఎక్కువమంది మందు వాడినవాళ్ళే. మందు ఒకే జాతిది అయినా కనిపెట్టి చూసినచోట ఎక్కువ పనిచేసింది. ఇది గనక మన వాళ్ళకు తెలిస్తే బస్సులు నిండిపోతాయి.

13. దీనికి చిట్కా లేదు. పిల్లవాడు గుండెల్లో నొప్పి అన్నా, ఆడుతూ ఆడుతూ స్పృహ తప్పినా, మాత్రలు ఎక్కువ మింగాడని తెలిసినా సాకులన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అటామోక్సెటిన్ వాడుతుండగా కళ్ళు పచ్చబడి మూత్రం ముదురు రంగులో వస్తే పసరు మందుకు పోకండి. అరుదుగా ఆ మందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఆ రోజే ఆసుపత్రిలో చూపించండి. "నేను చచ్చిపోతే బాగుంటుంది" అనే మాట పిల్లవాడి నోట వస్తే నాటకమని కొట్టిపారేయకండి. అటామోక్సెటిన్ మొదలుపెట్టిన పిల్లల్లో కొద్దిమందికి అలాంటి ఆలోచనలు రావొచ్చని అమెరికా మందుల సంస్థ 2005లోనే డబ్బీ కాగితం మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. పిల్లవాడిని ఒంటరిగా వదలకండి, మాత్రలన్నీ చేతికందకుండా తాళం వేయండి, ఆ పూటే డాక్టరుతో మాట్లాడండి.

కర్నూలుకు బస్సు లేని వేళైతే టెలీ మానస్ అనే ఫోన్ సేవ ఉంది. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. పైన పన్నెండు చిట్కాల్లో దాచమన్నవన్నీ అక్కడ అడగొచ్చు. నంబరు 14416. చీటీ వెనక రాసిపెట్టుకోండి.